కూతురు టాంపాలో, కునుకు కరువైంది నిజాంపేటలో

పేరు వద్దని కోరిన ఒక పాఠకురాలు హైదరాబాద్ నిజాంపేట నుంచి 11 పేజీల ఉత్తరం రాశారు. ఆమెకు 57 ఏళ్లు, ప్రభుత్వ పాఠశాలలో లెక్కల టీచరు. భర్త బ్యాంకు ఉద్యోగం నుంచి పదవీ విరమణ పొందారు. ఒక్కగానొక్క కూతురు, అల్లుడు, ఇప్పుడు ఆరేళ్లున్న మనవరాలు అమెరికాలోని ఫ్లోరిడా రాష్ట్రంలో, టాంపా నగరానికి ఉత్తరాన ఒక కాలనీలో సొంత ఇంట్లో ఉంటున్నారు. 2024 అక్టోబరు 7న, నవరాత్రుల్లో, మిల్టన్ అనే హరికేన్ మెక్సికో సింధుశాఖలో బలపడుతున్న సంగతి ఆమె ఫోనులో చూశారు. రాత్రి అన్నానికి కూర్చునేటప్పటికి అది, గాలి వేగాన్ని బట్టి లెక్కించే ఐదు శ్రేణుల్లో, నాలుగో శ్రేణి. చెయ్యి కడుక్కుని వచ్చేసరికి ఐదో శ్రేణి. లెక్కలు చెప్పే మనిషిని కాబట్టి, ఆ అంకె కన్నా అది పెరిగిన తీరే తనను ఎక్కువ భయపెట్టిందని ఆమె రాశారు.

ఆ రాత్రి నుంచి మూడు రోజులు ఆమె సరిగ్గా నిద్రపోలేదు. ఒకే పగలు కూతురికి 23 సార్లు ఫోను చేశారు. ఇల్లు వదిలి వెళ్లిపొమ్మని బతిమాలారు, ఏడ్చారు, ఒట్టు పెట్టారు. చివరికి కూతురు, తీరానికి దూరంగా ఉన్న ఓర్లాండోలో స్నేహితుల ఇంటికి వెళ్తున్నామని చెప్పింది. పదో తేదీ, మన సమయం ప్రకారం ఉదయం ఆరు గంటల ప్రాంతంలో మిల్టన్ తీరాన్ని తాకినప్పుడు, అపార్ట్‌మెంటు కింద ఆడవాళ్లు సద్దుల బతుకమ్మకు తంగేడు, గునుగు కట్టలు విప్పుకుంటున్నారట. ఆమె బాల్కనీలో ఫోను పట్టుకుని నిలబడ్డారు. అందరూ క్షేమమని మధ్యాహ్నానికి కబురు వచ్చింది. రెండు నెలల తరువాత వీడియో కాల్‌లో మనవరాలు, “ఆ రోజు మేం ముగ్గురం బాత్రూంలో పడుకున్నాం అమ్మమ్మా, నేను సైకిల్ హెల్మెట్ పెట్టుకున్నాను” అంది. వాళ్లు ఓర్లాండో వెళ్లనే లేదు. ఈ సంగతి తనకు తెలిసిందని ఆమె ఇప్పటికీ కూతురితో అనలేదు, భర్తకూ చెప్పలేదు.

అప్పటి నుంచి ప్రతి ఏడూ హరికేన్ల కాలమైన జూన్ మొదలుకొని నవంబరు దాకా, ఆఫ్రికా తీరం దగ్గర మబ్బు కదిలినా ఆమె చూస్తూనే ఉంటున్నారు. “నువ్వు చూస్తే అది ఆగుతుందా?” అని భర్త విసుక్కుంటున్నారు. “అమ్మా, తుపాను కంటే నీ ఫోన్లకే ఎక్కువ భయమేస్తోంది” అన్న కూతురు, ఇప్పుడు తుపాను రోజుల్లో ఫోను ఎత్తడం మానేసి, బొటనవేలి బొమ్మ ఒకటి పంపి ఊరుకుంటోంది. ఈ భయం జబ్బా, అబద్ధం సంగతి కూతురిని నిలదీయాలా, వచ్చే జూన్ నుంచి తాను ఏం చేయాలి అన్నవి ఆమె ప్రశ్నలు. 11వ పేజీలో మాత్రం వేరే సిరాతో, “ఇది అనవసరమేమో” అంటూ మొదలుపెట్టి, తాను అవనిగడ్డ దగ్గర పుట్టానని, దివిసీమ ఉప్పెన వచ్చిన 1977 నవంబరు 19 రాత్రి తనకు తొమ్మిదేళ్లని, అమ్మ చేతుల్లోంచి మూడేళ్ల తమ్ముడు జారిపోయాడని, ఆ తరువాత అమ్మ బతికినంత కాలం ఆ మాట ఎత్తలేదని, తన కూతురికి ఒక మేనమామ ఉండేవాడని కూడా తెలియదని నాలుగు వాక్యాల్లో ముగించారు.

మీ ఉత్తరంలో నేను రెండుసార్లు చదివింది ఆ చివరి పేజీనే. అయితే సమాధానం అక్కడి నుంచి మొదలుపెడితే మీ తక్కిన పది పేజీలను తేలిక చేసినట్లవుతుంది. “అంతా చిన్ననాటి గాయమే” అని ఒక్క మాటతో తేల్చేయడం నాకిష్టం లేదు, ఎందుకంటే మీరు భయపడినది నిజమైన తుపానుకే. అది నిజంగానే అసాధారణంగా బలపడింది.

ఇరవై నాలుగు గంటల్లో గాలి వేగం గంటకు 55 కిలోమీటర్లు పెరిగితే చాలు, తుపాను శరవేగంగా బలపడినట్లు వాతావరణ శాస్త్రవేత్తలు లెక్క వేస్తారు. మిల్టన్ అంతే సమయంలో 150 కిలోమీటర్లకు పైగా పెరిగి, గంటకు 285 కిలోమీటర్ల దాకా వెళ్లింది. లోతు వరకు వేడెక్కిన సముద్రం, ఎత్తుకు పోయేకొద్దీ గాలి తీరు మారి తుపానును కోసేయకపోవడం, కేంద్రం చుట్టూ మేఘాల గోడ బిగుసుకుని చిన్నదైపోవడం, ఈ మూడూ కలిసినప్పుడు అలా జరుగుతుంది. చేతులు దగ్గరికి ముడుచుకున్న నర్తకి గిరగిర తిరిగినట్టే, బిగిసిన కొద్దీ దాని వేగం హెచ్చుతుంది. తుపాను ఎటు వెళ్తుందన్నది నాలుగు రోజుల ముందే చాలావరకు సరిగ్గా చెప్పగలుగుతున్నారు. ఎంత బలపడుతుందన్నదే ఇప్పటికీ కష్టం. 2023 అక్టోబరులో మెక్సికోలోని అకపుల్కో నగరం మీదికి వచ్చిన ఓటిస్, ముందురోజు ఉదయానికి ఇంకా మామూలు తుపానే. ఆ అర్ధరాత్రి దాటగానే ఐదో శ్రేణి హరికేన్‌గా తీరం తాకింది. ఊరివాళ్లు సర్దుకునే వ్యవధే లేకపోయింది. కాబట్టి అంకె పెరుగుతుంటే గుండె దడదడలాడడం అజ్ఞానం కాదు. మీవారికి ఈ మాట చెప్పండి.

ఇక ఆ అంకె చెప్పని సంగతి. మీరు ఎనిమిదో తేదీ తెల్లవారుజామున చూసి కుప్పకూలిన 285, టాంపా మీద పడబోయే గాలి కాదు. ఆ సమయానికి మిల్టన్ ఇంకా మెక్సికో దేశపు యుకటాన్ తీరానికి దగ్గరలో ఉంది. ఫ్లోరిడా చేరేలోగా పై గాలుల వల్ల బలహీనపడుతుందని, అదే సమయంలో విస్తీర్ణం పెరుగుతుందని మియామీలోని జాతీయ హరికేన్ కేంద్రం ముందే చెప్పింది. అలాగే మూడో శ్రేణికి దిగి, టాంపా అఖాతానికి దక్షిణాన ఉన్న సియెస్టా కీ దగ్గర తీరం తాకింది. శ్రేణి అన్నది గాలిని మాత్రమే కొలుస్తుంది. నీటి గురించి అది ఒక్క ముక్క కూడా చెప్పదు. తీరప్రాంతాల్లో పెద్ద ప్రాణనష్టం జరిగిన చోట్ల ఎక్కువసార్లు చంపినది నీరే. ఇది మీకు నేను చెప్పాల్సిన పని లేదు.

మిల్టన్‌కు రెండు వారాల ముందు, సెప్టెంబరు 26న, హెలీన్ అనే మరో హరికేన్ టాంపాకు 150 కిలోమీటర్లకు పైగా దూరంగా సముద్రంలోనే ఉత్తరానికి వెళ్లిపోయింది. అయినా టాంపా అఖాతం చుట్టూ ఎన్నడూ ఎరుగని ఎత్తున ఉప్పెన వచ్చి ఇళ్లను ముంచింది. అంతకన్నా దగ్గరగా వచ్చిన మిల్టన్ రోజున మాత్రం అదే అఖాతంలో నీరు వెనక్కి పోయి అడుగు బయటపడింది. మన అర్ధగోళంలో తుపాను అపసవ్య దిశలో తిరుగుతుంది కాబట్టి, అది కదిలే దారికి కుడిపక్కన గాలి సముద్రాన్ని నేల మీదికి నెడుతుంది, ఎడమపక్కన నేల మీది నుంచి లాగుతుంది. హెలీన్‌కు టాంపా కుడిపక్కన ఉంది, మిల్టన్‌కు ఎడమపక్కన. 1977లో తుపాను కేంద్రం తీరం దాటినది నిజాంపట్నం, చీరాల వైపు. దివిసీమ దానికి కుడిపక్కన ఉంది. సుమారు 5 మీటర్ల ఉప్పెన అక్కడికే ఎందుకు వచ్చిందో, సుమారు పది వేల మంది ఎందుకు పోయారో చెప్పే కారణాల్లో ఇదొకటి. మీ ఊరు ఏదో పాపం చేసుకుని కాదు, మీ నాన్నగారు తెలివితక్కువ వాళ్లు కావడం వల్లా కాదు. రేడియోలో తుపాను అన్నారు గానీ నీరు అంత ఎత్తున వస్తుందని ఎవరూ చెప్పలేదని మీరే రాశారు. చెప్పి ఉంటే మీ నాన్నగారు పెంకుటింట్లో కూర్చునేవారు కారు.

ఇప్పుడు మీ అమ్మాయి, అల్లుడు చేసినది చూద్దాం. ఫ్లోరిడాలో ఉప్పెన చేరగల ఇళ్లకు, ఖాళీ చేయించే మండలం ఏదో ముందే నిర్ణయించి ఉంటుంది. చాలాచోట్ల వాటికి ఇంగ్లిషు A నుంచి E వరకు అక్షరాలు; సముద్రపు ఉప్పెన ముందుగా చేరే చోటు A. ఆ మండలాలను గాలిని బట్టి కాక ఉప్పెనను బట్టి గీస్తారు. ఏ అక్షరమూ లేని ఇళ్లు కూడా చాలా ఉంటాయి. అలాంటి ఇల్లు గట్టిదైతే అందులోనే, కిటికీలు లేని లోపలి గదిలో ఉండమనే అక్కడి అధికారులు చెబుతారు. లక్షల మంది ఒక్కసారిగా రోడ్డెక్కితే, పోక తప్పనివాళ్లు కార్ల వరుసలో ఇరుక్కుపోతారు కాబట్టి. నీటికి దూరంగా పరుగెత్తు, గాలికి లోపల దాక్కో అన్నది అక్కడి వాడుక. ఇంటి మధ్యలో ఉన్న బాత్రూం, చిన్నపిల్ల తలకు హెల్మెట్, ఇవి నిర్లక్ష్యం చేసే మనుషుల పనులు కావు. ఎవరో నేర్పిన పద్ధతిని వాళ్లు తూచా తప్పకుండా పాటించారు.

అయితే ఇందులో నాకు తెలియనిది, మీరు రాయనిది ఒకటుంది. వాళ్ల ఇల్లు ఏ మండలం? 11 పేజీల్లో గాలి వేగం, వాయుపీడనం, శ్రేణి, అన్నీ ఉన్నాయి. ఆ ఒక్క అక్షరం లేదు. మీరు 23 సార్లు ఫోను చేసి ఆ ప్రశ్న అడిగారో లేదో నాకు అనుమానంగా ఉంది. ఆ ఇల్లు A, B లాంటి మండలంలో ఉండి, ఖాళీ చేయమని ఆదేశం వచ్చాక కూడా వాళ్లు ఉండిపోయి ఉంటే, మీ కోపం న్యాయమైనదే. అప్పుడు ఈ సమాధానం వేరుగా ఉండేది. ఏ మండలమూ కాకపోతే, మీరు వెళ్లమన్న దారే ఎక్కువ ప్రమాదమై ఉండవచ్చు. ఓర్లాండో కూడా ఆ గాలివానలోనే ఉంది, ఎందుకంటే మిల్టన్ ఫ్లోరిడా నడుమ భాగాన్ని అడ్డంగా దాటి అట్లాంటిక్‌లో కలిసింది. కేంద్రం ఇంకా తీరం తాకకముందే, దానికి ఎంతో దూరంలో, తూర్పు తీరాన సుడిగాలులు లేచి మనుషులు చనిపోయారు. వాళ్లు చెప్పిన అబద్ధంలోని ఊరు, ఉన్న ఊరి కన్నా భద్రమేమీ కాదు. ఇది తెలిస్తే మీకు నవ్వు వస్తుందో, ఏడుపు వస్తుందో చెప్పలేను.

అబద్ధం సంగతి వేరు. దాన్ని సమర్థించను, కానీ అది ఎక్కడి నుంచి పుట్టిందో చూడమంటాను. ఒక రోజులో 23 ఫోన్లు వచ్చిన ఇంట్లో కిటికీలకు చెక్కలు బిగించాలి, నీళ్లు పట్టుకోవాలి, పిల్లను సముదాయించాలి, బ్యాటరీ మిగుల్చుకోవాలి. ఆ అమ్మాయి మిమ్మల్ని మోసం చేయాలనుకోలేదు. మీ చేత ఫోను కింద పెట్టించాలనుకుంది. పెట్టారా? లేదు. ఓర్లాండో అన్నాక కూడా మీరు ఓర్లాండో వాతావరణం చూస్తూ కూర్చున్నారు. అంటే ఆ అబద్ధం ఎవరికీ పనికిరాలేదు.

మీరే రాసిన ఒక సంగతి నన్ను ఆపేసింది. 2025 అక్టోబరు 28. ఆ రాత్రి మొంథా తీవ్ర తుపాను నరసాపురం దగ్గర తీరం దాటింది. మీ అన్నయ్య కుటుంబం ఇప్పటికీ అవనిగడ్డలోనే ఉంది. కొద్ది గంటల తేడాతో అదే రాత్రి, మన లెక్కలో, మెలిస్సా అనే ఐదో శ్రేణి హరికేన్ గంటకు దాదాపు 300 కిలోమీటర్ల గాలితో జమైకా దీవి మీద పడింది. అది ఫ్లోరిడా వైపు రావడం లేదని అందరికీ తెలుసు, మీకూ తెలుసు. మీరు అన్నయ్యకు మధ్యాహ్నం ఒక్కసారి ఫోను చేశారు. “మేమందరం హైస్కూలు డాబాలో ఉన్నాం, పశువుల్ని మెరక మీదికి తోలాం, నువ్వు పడుకో చెల్లీ” అన్నారాయన. మీరు ఫోను పెట్టేసి, రాత్రంతా జమైకాను చూశారు.

సొంత అన్నయ్య మీద ప్రేమ లేకనా? కాదు. ఆయన మూడు సంగతులు చెప్పారు: ఎక్కడున్నారు, ఎవరితో ఉన్నారు, ఏం చేశారు. అంతకన్నా ముఖ్యంగా, 1977లో ఆ రాత్రి మీతో పాటు డాబా మీద ఉన్న మనిషి ఆయన. నీరు ఎలా వస్తుందో ఆయనకు తెలుసునని మీకు తెలుసు. మీ అమ్మాయికి తెలియదని మీ నమ్మకం. మీరు భయపడుతున్నది మిల్టన్‌కో, మెలిస్సాకో కాదని, నీటి సంగతి తెలియని మనుషులు దాని ముందు నిలబడడానికని నాకు అనిపిస్తోంది. కానీ మీ అమ్మాయికి తెలియకపోవడానికి కారణం మీరు చెప్పకపోవడమే. మీ అమ్మ మీతో మాట్లాడలేదు, మీరు మీ అమ్మాయితో మాట్లాడలేదు. ఇప్పుడు మీ అమ్మాయి కూడా తన ఇంట్లో గడిచిన రాత్రిని మీ నుంచి దాచిపెట్టింది. ఈ దాచడం ఆమె ఎక్కడ నేర్చుకుందో చెప్పనక్కరలేదు.

ఇక ఏం చేయవచ్చు అన్నది. నాకు నాలుగు దారులు కనిపిస్తున్నాయి, ఏదీ ఉచితంగా రాదు.

మొదటిది, చూడడం పూర్తిగా మానేయడం. తుపాను రోజుల్లో ఫోను మీవారి చేతికిచ్చి, ఏదైనా ఉంటే నాకు చెప్పండి అనడం. మీవారు ఇదే కోరుకుంటారు. కొందరికి ఇది పని చేస్తుంది. మీకు చేస్తుందని నేను అనుకోను, ఎందుకంటే తెలియకుండా చీకట్లో కూర్చోవడమే మీ మొదటి తుపాను. పైగా కింది అంతస్తులో ఎవరో ఒకరు, “మీ అమ్మాయి ఉండే చోట తుపానట కదా” అని అడగక మానరు. అప్పుడు భయం రెండింతలు అవుతుంది.

రెండోది, చూడడం మానకుండా, చూసే పద్ధతి మార్చడం. జాతీయ హరికేన్ కేంద్రం ఆరు గంటలకొకసారి పూర్తి ప్రకటన ఇస్తుంది. ఫ్లోరిడా సమయంలో ఉదయం 5, 11, సాయంత్రం 5, రాత్రి 11 గంటలకు. అక్కడి వేసవి సమయం ప్రకారం మనకు అవి మధ్యాహ్నం రెండున్నర, రాత్రి ఎనిమిదిన్నర, తెల్లవారుజాము రెండున్నర, ఉదయం ఎనిమిదిన్నర. తెల్లవారుజాము ప్రకటన వదిలేసి మూడు చూడండి. మధ్యలో వచ్చేవి చాలావరకు ఆ ప్రకటన మీద ఎవరో చేసే కచేరీలు. రంగురంగుల దారాల ముద్దలా పడే అంచనా గీతల్లో మీ అమ్మాయి ఊరి మీదుగా వెళ్లేది ఒకటి తరచూ ఉంటుంది. అర్ధరాత్రి వీడియోలు చేసేవాళ్లకు ఆ ఒక్క గీతే కావాలి. అధికారిక పటంలో కనిపించే తెల్లటి శంకువు తుపాను పరిమాణం కాదని కూడా గుర్తుంచుకోండి. తుపాను కేంద్రం వెళ్లే దారి మూడు సార్లలో సుమారు రెండు సార్లు ఆ హద్దుల్లో ఉంటుందని మాత్రమే దాని అర్థం. గాలి, వాన, ఉప్పెన ఆ గీత బయట కూడా ఉంటాయి. మీరు లెక్కల టీచరు, ఇది పిల్లలకు చెప్పగలిగిన పాఠమే. ఈ దారితో నిద్ర కొంత మిగులుతుంది. కానీ మీ అమ్మాయితో మాట మాత్రం ఇప్పుడున్న చోటే ఉంటుంది.

మూడోది, తుపాను లేని రోజుల్లో, అంటే జూన్ 1 రాకముందే, కూతురు, అల్లుడు, మీరు, మీవారు నలుగురూ కూర్చుని ఒక ఒప్పందం చేసుకోవడం. ఇల్లు ఏ మండలం, ఏ ఏడాది కట్టినది (1992లో ఆండ్రూ హరికేన్ తరువాత ఫ్లోరిడాలో ఇళ్ల నిర్మాణ నియమాలు బాగా బిగించారు, 2002 నుంచి రాష్ట్రమంతటికీ ఒకే నియమావళి వచ్చింది), ఖాళీ చేయమంటే ఎక్కడికి వెళ్తారు, కరెంటు పోతే జనరేటర్ ఉందా, ఉంటే దాన్ని ఇంటికి దూరంగా బయటే పెడతారా, ఇవి అడగండి. జనరేటర్ సంగతి చిన్నదిగా కనిపిస్తుంది గానీ, తుపాను వెళ్లిపోయాక గ్యారేజీలో పెట్టిన జనరేటర్ల పొగకు మనుషులు చనిపోతూనే ఉన్నారు. తరువాత కబురు సంగతి: అన్నయ్య చెప్పినట్లు ఎక్కడ, ఎవరితో, ఏం చేశాం అన్న మూడు ముక్కల సందేశం రోజుకు రెండుసార్లు, వాళ్లు ఎంచుకున్న వేళల్లో. ఫోను కలవనప్పుడు కూడా చిన్న సందేశం ఒక్కోసారి వెళ్తుంది. టవర్లు కూలితే ఒకటి రెండు రోజులు ఏ కబురూ ఉండదని ముందే అనుకోండి. 2014లో హుద్‌హుద్ విశాఖ మీద పడ్డప్పుడు మా చెల్లెలి గొంతు వినడానికి నాకు రెండున్నర రోజులు పట్టింది. ఆమె ఆ రెండు రోజులూ పక్కింటివాళ్లతో కలిసి పడిపోయిన చెట్లు నరుకుతూ, నా సంగతే మరిచిపోయిందట. నిజంగా అత్యవసరమైతే ఫ్లోరిడా, అట్లాంటాలోని భారత కాన్సులేట్ పరిధిలోకి వస్తుందన్నది రాసి పెట్టుకోండి.

ఈ ఒప్పందానికి మీరు కట్టాల్సిన ధర పెద్దది. ఒకసారి వాళ్ల పథకం విని, అది సబబుగా ఉందని ఒప్పుకున్నాక, అంకె పెరుగుతున్న రాత్రి మళ్లీ “వెళ్లిపోండి” అనకూడదు. ఆ రాత్రి నిజాంపేటలో ఉన్న మీ చేతిలో చేయగలిగినది ఏమీ ఉండదు. మీరు చెప్పదలచుకున్నదంతా మే నెలలో చెప్పేయాలి. వాళ్ల నిర్ణయం మీకు నచ్చకపోతే, నచ్చలేదని కూడా మేలోనే చెప్పాలి. ఇది మీ వల్ల అవుతుందో లేదో నిజాయితీగా చూసుకోండి. కాదనిపిస్తే ఒప్పందానికి వెళ్లకండి. ఒప్పుకుని తప్పితే ఈసారి బొటనవేలి బొమ్మ కూడా రాదు.

నాలుగోది, 11వ పేజీ మీ అమ్మాయికి చెప్పడం. ఇందులోనూ ప్రమాదముంది. వరసగా 23 ఫోన్ల తరువాత చెబితే అది తనను కట్టిపడేయడానికి వాడిన తాడులా వినిపిస్తుంది. “ఇన్నేళ్లు నాకెందుకు చెప్పలేదు” అని అలగవచ్చు. తన కూతురిని కిటికీ లేని బాత్రూంలో పడుకోబెట్టిన రాత్రిని ఇక వేరుగా గుర్తు చేసుకుని బాధపడవచ్చు. చెప్పకపోతే, మీ భయం తనకు ఎప్పటికీ చాదస్తంగానే కనిపిస్తుంది. చెప్పేటట్లయితే తుపాను లేని ఏ చలికాలంలోనో, తను ఇక్కడికి వచ్చినప్పుడో, తీరికగా ఉన్న ఆదివారం ఫోనులోనో చెప్పండి. దానికి “కాబట్టి నువ్వు” అన్న తోక తగిలించకండి.

అబద్ధం సంగతి ఎత్తడం, ఎత్తకపోవడం రెండూ చేయదగినవే. ఎత్తకపోతే ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది, కానీ రేపు వాళ్లు నిజంగానే ఓర్లాండో వెళ్లినా మీరు నమ్మరు. ఇచ్చిన విలువల్లో ఒకటి తప్పని తెలిశాక లెక్క ముందుకు సాగదు. ఎత్తితే మాత్రం వరస ముఖ్యం. ముందు మీ తమ్ముడి సంగతి, తరువాత ఎప్పుడో, వేరే రోజున, “ఆ రాత్రి మీరు ఇంట్లోనే ఉన్నారని నాకు తెలుసు, తప్పు పట్టడం లేదు, నన్ను నేను అంత భరించలేని మనిషిగా చేసుకున్నందుకు నాకే బాధగా ఉంది” అన్న పాటి మాట. ముందే నిలదీసి, వెనకాల 1977 తెస్తే, అది శిక్షలా వినిపిస్తుంది. మనవరాలి పేరు మాత్రం మధ్యలోకి రానివ్వకండి. అమ్మమ్మతో నిజం చెప్పినందుకు ఆ పిల్లకు ఇంట్లో మాట పడకూడదు.

జబ్బా అని అడిగారు. మూడు రాత్రుల భయం జబ్బు కాదు. ఏటా ఆరు నెలలు, ఎవరి మీదికీ రాని మబ్బు కోసం కూడా నిద్ర మానుకోవడం, దానివల్ల భర్తతోనూ కూతురితోనూ మాట తెగిపోవడం మాత్రం మీరు ఒంటరిగా మోయాల్సినది కాదు. ఎర్రగడ్డ ప్రభుత్వ మానసిక ఆరోగ్య సంస్థకో, మీకు అనువైన మానసిక వైద్యుల దగ్గరికో ఒకసారి వెళ్లడంలో నామోషీ లేదు. వెళ్లడానికి మొహమాటమైతే 14416 నంబరుకు ఫోను చేయండి. అది ప్రభుత్వ టెలీ మానస్ సేవ, ఏ వేళైనా, ఉచితంగా, తెలుగులో మాట్లాడతారు. తుపాను చూస్తూ రాత్రి రెండున్నరకు మేలుకుని ఉన్నప్పుడు కూతురికి చేసే 24వ ఫోను అక్కడికి చేయవచ్చు. దివిసీమ రాత్రి గురించి కూడా, కూతురికి చెప్పే ముందు, అలాంటి ఒకరి ఎదుట ఒకసారి చెప్పి చూస్తే మాట తడబడకుండా వస్తుంది. 48 ఏళ్లుగా నోట్లో ఉన్న మాట మొదటిసారి బయటికి వచ్చేటప్పుడు ఎలా వస్తుందో మీకే తెలియదు.

ఇంకొక్క సంగతి, అడగకపోయినా రాస్తున్నాను. మీ అన్నయ్యతో ఆ రాత్రి గురించి మీరు ఎప్పుడైనా మాట్లాడారా? ఉత్తరంలో లేదు. ఆయనకు అప్పుడు 13 ఏళ్లని రాశారు. మీకన్నా ఎక్కువ గుర్తుండి ఉంటుంది, మీ తమ్ముడి ముఖంతో సహా. అమ్మాయికి చెప్పేముందు అవనిగడ్డకు ఒక్కరే వెళ్లి రండి. హైదరాబాద్ నుంచి రాత్రి బస్సు ఎక్కితే తెల్లవారేసరికి విజయవాడ, అక్కడి నుంచి రెండు గంటలు. ఈ ప్రయాణం సంగతి కూతురికి వెళ్లే ముందు చెప్పాలా, వచ్చాక చెప్పాలా అన్నది మీ ఇష్టం.